బంగారం సరే, ఆ గాజును ఎవలు కొంటరు?

మొన్న సంక్రాంతికి ఇల్లు సాపు చేస్తుంటే మా అమ్మ పాత సామానంత తీసి వాకిట్ల పెట్టింది. డబ్బా టీవీ ఒకటి, కాలిపోయిన మిక్సీ ఒకటి, చార్జర్ వైర్లు ఇన్ని, నేను డిగ్రీల వాడిన ఫోన్ ఒకటి. గంట కాకముందే ట్రాలీ ఆటో వచ్చింది. ఆ మైకు మీకు ఎరుకే. పాత టీవీలు, పాత కూలర్లు, పాడైన సెల్‌ఫోన్లు కొంటం అనుకుంట ఊరంత తిరుగుతది. టీవీకి నూట యాభై ఇచ్చిండు. ఫోన్‌కు ప్లాస్టిక్ టబ్బు ఇచ్చిండు. మా అమ్మ సంబురపడ్డది. ఆ టీవీ ఆరేండ్ల సంది మూలకు పడి ఉన్నది మరి.

"ఇదంత ఏడికి తీస్కపోతవే అన్నా?" అని అడిగిన.

"బాలాపూర్. ఆడ కాంటా పెడితే నా పని ఒడిసిపాయె. అవతల సంగతి నాకు ఎరుక లేదు" అన్నడు.

అవతల సంగతి నాకు కొంచెం ఎరుకే. మా చిన్నాయిన కొడుకు రెండేండ్ల సంది ఆ దిక్కే ఒక గోదాంల పని చేస్తుండు. మాది శ్రీశైలం రోడ్డు మీది ఊరు. కడ్తాల్, కందుకూరు, తుక్కుగూడ దాటి పహాడీషరీఫ్ కాడ పక్కకు తిరిగితే బాలాపూరే. ఎన్నోసార్లు ఆ తొవ్వల పోయిన గాని ఎన్నడు లోపలికి పోయి చూడలే. పండుగ అయినంక ఒక ఐతారం పోయిన.

బాలాపూర్ అంటే మనోళ్లకు యాదికొచ్చేది గణపతి లడ్డూ. 1994ల 450 రూపాయలకు పోయిన లడ్డూ 2025ల 35 లక్షలకు పోయింది. టీవీలన్ని లైవ్ చూపిస్తయి. ఆ టీవీలు ఖరాబైనంక ఏడ తేలుతయో మాత్రం ఏ టీవీ చూపియ్యది. ఒక దిక్కు ఆర్‌సీఐ, డిఫెన్స్ ల్యాబులు. ఇంకో దిక్కు శంషాబాద్ ఎయిర్‌పోర్టు తొవ్వ. నడుమ బాలాపూర్, ఎర్రకుంట, షాహీన్‌నగర్, జల్‌పల్లి దిక్కు గల్లీలల్ల రేకుల గోదాములు. అట్టలకు ఒకటి, ప్లాస్టిక్‌కు ఒకటి, ఇనుముకు ఒకటి. కొన్నిట్ల ఇట్ల కరెంటు సామాను.

మా తమ్ముడు పనిచేసే గోదాం మన ఊర్ల వడ్ల కల్లమంత ఉంటది. ఐదుగురు కూసొని ఉన్నరు. ఒక్కొక్కని ముందర ఒక స్క్రూడ్రైవర్, సుత్తె, పటకార. నేను పోయేసరికి మా టీవీ లాంటిదే ఒకటి ఇప్పుతున్నరు. చూస్తుంటే పది నిమిషాలు కూడ పట్టలే. ఎనక డొప్ప ఊడదీసి ప్లాస్టిక్ కుప్పల ఏసిండు. పిక్చర్ ట్యూబ్ మెడ మీద ఉండే రాగి చుట్టను గుంజిండు. స్పీకర్ అయస్కాంతం ఒక దిక్కు, సిల్వర్ పలకలు ఒక దిక్కు, బోర్డు ఒక దిక్కు. రాగి చుట్టను చేతుల పట్టుకొని "దీని కోసమేనన్నా టీవీ కొనేది" అన్నడు మా తమ్ముడు. చివరకు ట్యూబ్ మెడ మీద సుత్తెతోని ఒక్కటి కొట్టిండు. టప్పుమని సప్పుడైంది. ఇగ ఆ ట్యూబ్ పోయి గోడ పక్కన గాజు కుప్పల పడ్డది.

ఆ కుప్ప నా ఎత్తు ఉన్నది.

"ఇది ఎవలు కొంటరురా?" అన్న.

"గాజును ఎవలు కొంటరన్నా? ఎక్కువైతే ఆటో మాట్లాడి పారబోపిస్తడు సేటు."

ఈ ఒక్క మాట చుట్టే నేను రాస్తున్న. ఎందుకంటే పాత పిక్చర్ ట్యూబ్ గాజు మామూలు గాజు కాదు. లోపలి ఎక్స్‌రేలు బయటికి రావద్దని దాంట్ల సీసం కలుపుతరు. ఒక పెద్ద ట్యూబ్‌ల కిలోకు పైననే సీసం ఉంటది. ఆ గాజు ఏ చెరువు కట్ట కిందనో, ఏ పడావు భూమిలనో పడితే వాననీళ్లకు ఆ సీసం మెల్లమెల్లగ మన్నుల దిగుతది. సీసం చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తది. ఇంత వరకైతే ఏం కాదు అని చెప్పేందుకు హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది.

మిగిలిన పనులు కూడ చూసిన. ఫ్రిజ్ వస్తే కంప్రెసర్ పైపు కోస్తరు. సుస్సుమని గ్యాస్ పోతది, అయిపాయె. లావు వైర్లను బ్లేడ్‌తోని గీకి రాగి తీస్తరు. సన్న వైర్లను గీకితే కూలి గిట్టది, వాటిని రాత్రిపూట కాలవెడ్తరు. ఆ తొడుగు కాలినప్పుడు వచ్చే పొగల డయాక్సిన్ అనే విషం ఉంటది. బోర్డులను మాత్రం మంచిగ ఏరుతరు. టీవీల మట్టిరంగు బోర్డుకు ధర తక్కువ. కంప్యూటర్ పచ్చబోర్డుకు ఎక్కువ. ఫోన్ బోర్డుకు ఇంకా ఎక్కువ. గోనె సంచులల్ల నింపి ఢిల్లీ పంపుతరట. ఢిల్లీ అంటే సీలంపూర్. మన దేశంల ఈ కబాడ్ పనికి అదే పెద్ద అడ్డా. ఆడినుంచి కొంత సరుకు ఉత్తరప్రదేశ్ మొరాదాబాద్ పోతది. రామ్‌గంగా నది ఒడ్డున బోర్డులు కాల్చి బూడిద కడిగే ఊరది.

"తేజాబ్ పని మీరు చేస్తరా?" అని అడిగిన. తేజాబ్ అంటే యాసిడ్.

"మేం చెయ్యమన్నా. అది చేసేటోళ్లు వేరే ఉన్నరు. వాళ్ల చేతులు చూస్తే నువ్వు అన్నం తినవు."

వానికి రోజుకు ఆరు వందలు వస్తయి. మా ఊర్ల కైకిలి కంటే ఎక్కువే, అదీ ఎండకు కాదు నీడకు. గందుకే వాడు ఇది మంచి పని అంటడు. వాన్ని తప్పుపట్టేందుకు నా దగ్గర మాట లేదు. గాని పగటియాల్ల అదే చెయ్యిని అంగీకి తుడుసుకొని టిఫిన్ డబ్బా ఇప్పిండు. రెండేండ్ల బిడ్డ ఉన్నది వానికి. సాయంత్రం ఇంటికి పోంగనే అదే అంగీతోని ఎత్తుకుంటడు. గోదాంకు రాని పిల్లకు కూడ గోదాం దుమ్ము అట్లనే చేరుతది. ఈ ముచ్చట నేను చెప్తే నవ్విండు. మల్ల కొంచెం సేపు మాట్లాడలే.

ఇప్పుడు మన ఫోన్లల్ల తిరుగుతున్న ఒక ముచ్చట. మీరు కూడ చూసే ఉంటరు. పాత సిమ్ములు, పాత బోర్డులు యాసిడ్‌ల ఏసి, కింద మంట పెట్టి, చివరకు బంగారం బిళ్ల చూపిచ్చే రీల్స్. కింద కామెంట్లు చూడుండ్రి: యాసిడ్ ఏడ దొరుకుతది అన్నా, మా ఊర్ల పెడ్త అన్నా. మా ఊరి పోరగాళ్లు ఇద్దరు నన్నే అడిగిన్రు.

బంగారం ఉన్నమాట నిజమే. ఒక టన్ను పాత ఫోన్లల్ల దాదాపు 300 గ్రాముల బంగారం ఉంటదని లెక్క. మన పక్కనే రాయచూర్ జిల్లా హట్టి గనుల టన్ను రాయి తవ్వితే వచ్చేది కొన్ని గ్రాములే. గందుకే దీన్ని పట్నంల గని అంటున్నరు. టోక్యో ఒలింపిక్స్ పతకాలన్నిటిని జపానోళ్లు పాత సామాన్ల లోహంతోనే చేసిన్రు. గాని ఆ లెక్క పూర్తిగ సదవాలె. 78,985 టన్నుల పాత సామాను, దాంట్ల 62 లక్షల ఫోన్లు జమచేస్తే వచ్చిన బంగారం 32 కిలోలు. అదీ దేశమంత కలిసి, పెద్ద పెద్ద ప్లాంట్లు పెట్టుకొని. నువ్వు ఇంటెనక బకీట్ల చేస్తే? ఒక ఫోన్‌ల ఉండేది 30 మిల్లీగ్రాముల దరిదాపు. తులం కావాలంటే మూడు వందల పైన ఫోన్లు కావాలె. మొత్తం బంగారం చేతికి రాదు, కొంత యాసిడ్‌లనే పోతది. ఆ యాసిడ్‌ను ఏడ పోస్తవ్? మోరిల పోస్తే బోరు నీళ్లల్ల తేలుతది. నైట్రిక్ యాసిడ్ లోహం మీద పడ్డప్పుడు లేచే ఎర్రటి పొగ ఊపిరితిత్తులను కాలుస్తది, కొన్నిసార్లు ఆ దెబ్బ పీల్చిన రోజు కాదు, మర్నాడు తెలుస్తది. రీల్ చేసేటోనికి వ్యూస్ వస్తయి. నీకు దగ్గు వస్తది.

ఇగ సర్కారు ఏం చేస్తున్నది?

రూల్స్ లేవా అంటే ఉన్నయి. మొదటి రూల్స్ 2011ల వచ్చినయి. 2016ల మార్చిన్రు. 2022 నవంబర్‌ల మల్ల కొత్తయి తెచ్చిన్రు, అవి 2023 ఏప్రిల్ 1 సంది నడుస్తున్నయి. వాటి సారం ఇది. టీవీ, ఫోన్, ఫ్రిజ్ తయారుచేసి అమ్మే కంపెనీలు, తాము అమ్మిన సరుకు చెత్తగ మారినంక దాంట్ల ఇంత శాతం రీసైకిల్ చేపియ్యాలె. మొదటి రెండేండ్లు 60 శాతం, తర్వాత రెండేండ్లు 70, 2027–28 సంది 80. కంపెనీ తానే ఇప్పి కరగబెట్టక్కర లేదు. రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొంటే సాలు. ఆ సర్టిఫికెట్లు నాలుగు లోహాల లెక్క మీద పుడ్తయి: బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము.

ఇక్కడనే నాకు అడ్డం తగులుతున్నది. ఈ నాలుగు లోహాల కోసం సర్టిఫికెట్ లేకముందు కూడ జనం కొట్లాడుకున్నరు. బాలాపూర్ గోదాంల రాగి పొల్లుపోదు, ఇనుము ముక్క పొల్లుపోదు. వాటికి బజారుల ధర ఉన్నది, అవి తొవ్వ వెతుక్కొని పోతయి. తొవ్వ లేనిది గాజుకు. తొవ్వ లేనిది మంటలు ఆపే రసాయనాలు కలిపిన నల్ల ప్లాస్టిక్‌కు. అమ్ముడుపోయే దాని మీద లెక్కగట్టి, అమ్ముడుపోని విషాన్ని చెరువుకు ఇడిసిపెడితే దాన్ని రీసైక్లింగ్ అని ఎట్లంటం? కంపెనీల పైసలు ముందుగాల పోవాల్సింది ఎవడు కొనని సరుకు మీదికి. నేను ఇంజనీర్‌ను కాదు, గాని ఆ గోడ పక్క కుప్పను చూసినోడు ఎవడైన ఇదే అంటడు.

రెండో అడ్డం ఇంకా పెద్దది. 2016 రూల్స్‌ల సేకరించే కేంద్రం అని, సామాను ఇప్పే యూనిట్ అని వేరే వేరే పేర్లు ఉండె. 2022 రూల్స్‌ల రిజిస్టర్ చేసుకోవాల్సింది నాలుగు తీర్లోళ్లే: ముడి తయారీదారు, బ్రాండ్ పెట్టి అమ్మేటోడు, రిపేరు చేసి మల్ల అమ్మేటోడు, రీసైక్లర్. మా ఊరి ట్రాలీ అన్నకు దాంట్ల పేరు లేదు. మా తమ్మునికి పేరు లేదు. వాళ్ల సేటు పెద్ద ప్లాంట్ పెడితే తప్ప ఆయనకూ లేదు. ఈ దేశంల ఈ పనిల 80 శాతం అసొంటోళ్ల చేతులల్లనే ఉన్నదని అందరు ఒప్పుకుంటరు, రూల్ రాసేటప్పుడు మాత్రం వాళ్ల కోసం ఒక గడి గీసేది మరిచిపోయిన్రు. మరిచిపోయిన్రా, అవసరం లేదనుకున్నరా?

ఒకటి మాత్రం నిజం. అవే రూల్స్‌ల రాష్ట్ర సర్కారు మీద ఒక బాధ్యత రాసి ఉన్నది. ఇండస్ట్రియల్ పార్కులల్ల ఈ పనికి జాగనో షెడ్డో కేటాయించాలె. ఈ పనిచేసే కూలోళ్లను గుర్తించి పేర్లు రాసుకోవాలె. వాళ్లు గుంపుగ యూనిట్ పెట్టుకుంటే సాయం చెయ్యాలె. పని నేర్పాలె, ఆరోగ్యం చూడాలె. 2017ల మన తెలంగాణ సర్కారు వేరేగ ఈ-వేస్ట్ పాలసీ కూడ తెచ్చింది. మా తమ్ముని పేరు ఇప్పటిదాంక ఏ రిజిస్టర్‌ల ఎక్కలే. అడుగుదామంటే ఏ ఆఫీసుకు పోవాల్నో కూడ వానికి తెల్వది.

పైసల కొట్లాట వేరే నడుస్తున్నది. 2024 సెప్టెంబర్‌ల కేంద్రం ఈ సర్టిఫికెట్లకు కనీస ధర కట్టింది. టీవీ, ఫ్రిజ్ లాంటి సామాన్లకు కిలోకు 22 రూపాయలు, స్మార్ట్‌ఫోన్లకు 34. ధర మరీ తక్కువుంటే రీసైక్లర్ సక్కగ పనిచెయ్యడు, కాయితాల మీదనే కానిచ్చేస్తడు అనేది సర్కారు మాట. ఆ భయం ఊకెనే రాలే. ప్లాస్టిక్ చెత్త సర్టిఫికెట్లల్ల ఆరు లక్షల దాంక దొంగవి ఉన్నట్టు 2023ల కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సోదాలల్లనే తేలింది. కంపెనీలు ఊకున్నయా? 2025ల డైకిన్, హావెల్స్, వోల్టాస్, ఎల్‌జీ, శాంసంగ్ ఢిల్లీ హైకోర్టుకు పోయినయి. ఖర్చు ఎన్నో ఇంతలు పెరుగుతదని, ధర కట్టుడు సర్కారు పని కాదని వాటి వాదన.

నేనైతే కనీస ధర ఉండాలనే అంట. ఎమ్మెస్పీ లేని పంట సంగతి మనకు వేరే చెప్పాల్నా? గాని ఒక లెక్క ఎయ్యుండ్రి. మా డబ్బా టీవీ ఇరవై కిలోలు అనుకుందం. 22 లెక్కన 440 రూపాయలు. సర్టిఫికెట్ల లెక్క ఇంత సీదగ ఉండది, ఇది అంచనా కోసమే. మా అమ్మకు వచ్చింది నూట యాభై. ట్రాలీ అన్నకు మిగిలేది ఒక యాభై. మా తమ్మునికి ఆ టీవీ మీద వచ్చే కూలి చాయ పైసలంత. ఇవన్ని రాగి, ఇనుము అమ్మిన పైసల నుంచే వచ్చినయి. ఆ 440 వీళ్ల దాంక వచ్చే తొవ్వే లేదు. కోర్టుల కంపెనీ గెలిచినా, సర్కారు గెలిచినా బాలాపూర్ కాంటా మీద ఒక్క రూపాయి మారది. పేరు లేనోనికి పైసలెట్ల వస్తయి?

ఇంకో దిక్కు రిజిస్టరైన ప్లాంట్లకు మిషన్లు ఉన్నా సరిపోను మాల్ దొరకది. ఎందుకు దొరకది? వాళ్లు కాలుష్యం ఆపే మిషన్ పెట్టాలె, నీళ్లు శుద్ధి చెయ్యాలె, కూలోనికి మాస్క్, చేతులకు తొడుగులు ఇయ్యాలె. ఇవన్ని ఖర్చు. రేకుల గోదాంకు ఆ ఖర్చు లేదు, గందుకే ట్రాలీ అన్నకు పది రూపాయలు ఎక్కువ ఇస్తది, అదీ చేతుల నగదు. అడ్డికి పావుశేరు బేరం లెక్క కనవడ్తది గాని, ఆ మిగిలిన బాకీ కట్టేది చెరువు, మా తమ్ముని ఊపిరితిత్తులు.

దేశం లెక్క చూస్తే ఇది చిన్న ముచ్చట కాదు. 2019–20ల మన దేశంల ఈ చెత్త 10 లక్షల టన్నులు. 2023–24 వరకు 17.5 లక్షల టన్నులైంది. ప్రపంచమంత కలిపి 2022ల 6.2 కోట్ల టన్నులు పుడితే దాంట్ల పద్ధతి ప్రకారం రీసైకిల్ అయినట్టు లెక్క దొరికింది 22.3 శాతమే.

మన దగ్గర కొత్త సరుకు పుట్టే ఊరూ, పాత సరుకు సచ్చే ఊరూ పక్కపక్కనే ఉన్నయి. రావిర్యాల ఈ-సిటీల టీవీలు తయారైతున్నయి. కొంగర కలాన్‌ల ఫాక్స్‌కాన్ కంపెనీ 2025ల యాపిల్ ఇయర్‌బడ్స్ చేసుడు షురూ చేసింది. బాలాపూర్ నుంచి బైక్ మీద పోతే రెండూ గంట లోపలే. ఆ ఇయర్‌బడ్స్ గురించి మా తమ్ముని ముందర తీస్తే మొఖం మాడ్చుకున్నడు. "అవి వద్దన్నా. స్క్రూ ఉండది, అంత గమ్ముతోని అతికిచ్చి ఉంటది. లోపల బ్యాటరీ, గుంజితే భగ్గుమంటది. వచ్చే రాగి గోరంత." ముప్పై ఏండ్ల కిందటి డబ్బా టీవీ నాలుగు స్క్రూలకు ఇడిపోతది. మొన్నటి ఇయర్‌బడ్ ఇడిపోదు. మన పోరగాళ్లకు ఫ్యాక్టరీల నౌకర్లు వస్తున్నయి, మంచిదే. పాతయి ఇప్పే షెడ్డుకు జాగ అడిగేటోడు మాత్రం లేడు.

పాత ఫోన్ ముచ్చట కూడ ఒకటి చెప్పాలె, ఊర్లల్ల ఇది ఎక్కువైంది గనుక. 2024 ఆగస్టుల రామగుండం సైబర్ పోలీసులు బీహార్ నుంచి వచ్చిన ముగ్గురిని పట్టుకుంటే వాళ్ల దగ్గర నాలుగు వేల దాంక పాత ఫోన్లు దొరికినయి. ఊరూరు తిరిగి కొన్నయే. వాటి పార్టులు సైబర్ మోసాలు చేసే ముఠాలకు పోతయని పోలీసులు చెప్పిన్రు. మా అమ్మ టబ్బుకు ఇచ్చిన ఫోన్ ఏడికి పోయిందో నాకు తెల్వది. సిమ్, మెమరీ కార్డు తీసిన గాని, లోపలి ఫొటోలు, బ్యాంకు యాప్ తుడిపెయ్యలే. ఆన్ కాని ఫోన్‌ను ఏం తుడుస్తం అనుకున్న. ఆన్ కాకుంటే ఉంచుకోండ్రి, టబ్బు కోసం ఇయ్యకుండ్రి.

ఇగ దాడుల సంగతి. పొగ మీద పేపర్ల వార్త వస్తది, ఆఫీసర్లు వస్తరు, రెండు గోదాములకు తాళం పడ్తది. మంచిదే గదా అనిపిస్తది. ఘనా దేశంల ఆక్రా పట్నం పక్కన అగ్బోగ్‌బ్లోషీ అని ప్రపంచం మొత్తం ఫొటోలు తీసుకున్న కబాడ్ అడ్డా ఉండె. 2021 జూలైల అక్కడి సర్కారు బుల్‌డోజర్లు పెట్టి నేలమట్టం చేసింది. పని ఆగలే. కాల్చేటోళ్లు పట్నమంత చెదిరిపోయి ఇండ్ల నడుమనే కాల్చుడు మొదలుపెట్టిన్రు. ఒక కాడ ఉన్న పొగ పది కాడ అయింది.

మన దగ్గర చెదిరితే ఏడికి వస్తది? మన ఊర్లకే. ఔటర్ రింగ్ రోడ్డు అవతల పడావు భూమి లీజుకు అడిగేటోళ్లు ఇప్పటికే తిరుగుతున్నరు. గోదాం పెడ్తం, పది మందికి పని ఇస్తం అంటరు. ఎకరాకు వచ్చే కౌలు పత్తి కంటే ఎక్కువ కనవడ్తది. గోదాంల ఏముంటదని అడగండ్రి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కాయితం చూపెట్టమనండ్రి. కాయితం లేకుంటే గ్రామసభల లేవండ్రి. బోరు ఖరాబైనంక లేస్తే ఏం ఫాయిదా లేదు.

దాడులు వద్దంటే ఎట్లనే ఉండనియ్యమని కాదు. నాకు గోదాంల కూసున్నప్పుడు తెలిసింది ఏందంటే, ఆ పనిల రెండు తీర్లు ఉన్నయి. స్క్రూ పని ఒకటి, నిప్పు–యాసిడ్ పని ఒకటి. ఇప్పుడు, ఏరుడు, వేరు చేసుడు చేతితోని జేస్తే ఏ మిషన్ కంటే బాగ అయితది. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్క్, గాలి ఆడే షెడ్డు, కడుక్కునేందుకు నీళ్లు ఉంటే అది ఇజ్జతైన పనే. ఐటీఐ సదివిన పోరగాళ్లు మన ఊర్ల ఎంతమంది లేరు? ట్యూబ్ పగలగొట్టుడు, గ్యాస్ ఇడిసిపెట్టుడు, వైరు కాల్చుడు, బోర్డును తేజాబ్‌ల ముంచుడు మాత్రం ఏ రేకుల షెడ్డుల కావద్దు. అవి పెద్ద ప్లాంట్లల్లనే కావాలె. ఆ ఇద్మ మన పట్నంల లేదా? చర్లపల్లిల సీ-మెట్ అనే కేంద్ర సంస్థ ఈ పని కోసమే ప్రత్యేక కేంద్రం నడుపుతున్నది. బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతి ఆడ తయారుచేసిన్రు. బాలాపూర్‌కు అది ముప్పై కిలోమీటర్ల లోపలే. బోర్డులు మాత్రం పదిహేను వందల కిలోమీటర్లు పోతున్నయి.

పైసలు లేవా అంటే అవీ ఉన్నయి. 2025 సెప్టెంబర్‌ల కేంద్ర క్యాబినెట్ ఈ-వేస్ట్, పాత బ్యాటరీల నుంచి కీలక ఖనిజాలు తీసేటోళ్లకు 1,500 కోట్ల పథకం ఒప్పుకున్నది. దాంట్ల మూడోవంతు చిన్నోళ్లకు, కొత్తోళ్లకు అన్నరు. ఆ చిన్నోళ్లు అంటే ఎవలు? పాన్, జీఎస్టీ, కాలుష్య మండలి అనుమతి, సొంత జాగ ఉన్న చిన్న కంపెనీలా? లేకుంటే ఐదుగురు కలిసి షెడ్డు పెట్టుకున్న మా తమ్ముని లాంటోళ్లా? రెండోది కావాలంటే సర్కారే ఒక షెడ్డు కట్టి, కాంటా పెట్టి, బోర్డులకు, బ్యాటరీలకు బయట బోర్డు మీద రేటు రాసి, ఆ పూటనే ఫోన్‌పే కొట్టాలె. ముఖ్యంగ ఆ గాజుకు కూడ రేటు రాయాలె. కిలోకు రెండు రూపాయలైనా సరే. రెండు రూపాయలు వస్తయంటే ఏ సేటూ దాన్ని పారబొయ్యడు, ఆటో కిరాయి దండుగని ఆయనే తెచ్చి ఇస్తడు. పాల కేంద్రంల పొద్దుగాల క్యాన్ పెట్టినట్టు పెడ్తరు.

ఒక ఇబ్బంది మాత్రం నాకు తెగుతలేదు. బాలాపూర్ బస్తీలల్ల మయన్మార్ నుంచి పారిపోయొచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉన్నయి. వాళ్లల్ల శానామంది చెత్త ఏరుకొనే బతుకుతరు. ఆధార్ లేదు, బ్యాంకు ఖాతా లేదు. ఏ రిజిస్టర్ పెట్టినా వాళ్లు బయటనే ఉంటరు. బయట ఉన్నోళ్ల చేతికే అందరికంటే చెడ్డ పని పోతది, తేజాబ్ పని పోతది. వాళ్లు ఉండాల్నా పోవాల్నా అనే రాజకీయం టీవీలల్ల ఎంతనన్న నడవనీ. ఆ యాసిడ్ పోసిన నేల కింది నీళ్లు మాత్రం ఎవని ఆధార్ అడగయి.

మొన్న మా తమ్మునికి ఫోన్ చేసిన. గోదాంల ఒక జత బట్టలు వేరే పెట్టుకున్నడట, ఇంటికి పోయేముందు మార్చుకుంటుండట. సబ్బు సేటు తెచ్చిండా అంటే, లేదన్నా నేనే కొన్న అన్నడు. గోడ పక్కన గాజు కుప్ప ఎంతైందిరా అని అడిగిన.

"లేదన్నా, సాఫ్ అయింది. నిన్న రాత్రి రెండు ఆటోలు వచ్చి తీస్కపోయినయి."

"ఏడ పోసిన్రట?"

"నాకు చెప్పలేదన్నా."